అక్షరం లేని చోట

2020 సెప్టెంబరు చివరి రోజుల్లో చందమామ చిత్రకారులు శంకర్ గారు కన్నుమూశారని పత్రికలో చదివాను. పేరు చెప్పగానే గుర్తుపట్టనివారికి కూడా ఆయన గీసిన ఒక్క బొమ్మను గుర్తుచేస్తే చాలు. చేత కత్తి, భుజాన శవం, మౌనంగా నడిచే విక్రమార్కుడు. నెలనెలా బేతాళకథతో పాటు అచ్చయిన ఆ బొమ్మను చూడాలని ఆ మధ్యాహ్నం ఎందుకో మనసు పీకింది. అటక మీద దాచుకున్న పాత చందమామలు 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు తడిసి ముద్దయ్యాయి. ఎండబెట్టినా పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టముక్కల్లా మిగిలాయి. ఇక మిగిలిన దారి అంతర్జాలమే.

ఆ ఏడాదే జూన్ నెలాఖరున నేను ఉద్యోగ విరమణ చేశాను. ముప్పై నాలుగేళ్లు పండితవృత్తి. కరోనా రోజులు కనుక బడి మూసి ఉంది. శాలువా లేదు, సన్మానపత్రం లేదు, నా వంటివాడు తప్పక ఇవ్వవలసిన సుదీర్ఘోపన్యాసం అసలే లేదు. పిల్లలు అంతవరకు అదృష్టవంతులు. బెంగళూరు నుండి మా అమ్మాయి ఒక టాబ్లెట్ పంపింది. దాన్ని నేను పలక అంటాను. ఆకారం అదే, చేతిలో పట్టుకునే తీరు అదే. బలపం ఒక్కటే లేదు.

ఆ పలక మీద శంకర్ గారి బొమ్మలు వెదకబోయి, మా శ్రీకాకుళం బిడ్డడైన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాల దగ్గరకు చేరాను. అక్కడి నుండి బాపు గారి దగ్గరకు. ఇంతవరకు తెలిసిన వీధులే. ఆ తరువాత ఏ మలుపు తిరిగానో చెప్పలేను కాని, ఎన్నడూ వినని పేర్లు, ఎన్నడూ చూడని గీతలు ఎదురుకాసాగాయి. ఒకదాని అంచున మరొకటి కనిపిస్తుంది. దాన్ని తాకితే ఇంకొకటి. అలా రాత్రి రెండు దాటేది. మా ఆవిడ లేచి చూసి, పదవీ విరమణ చేసినవారు భగవద్గీత చదువుతారని విన్నాను గాని బొమ్మలు చూస్తారని వినలేదు అని వెళ్లి పడుకొనేది.

ఆమె మాటలో ఎత్తిపొడుపు ఉన్నదంటే దానికి కారణం నేనే. బొమ్మల విషయంలో నా చరిత్ర ఏమంత మంచిది కాదు. నేను భాషాప్రవీణ చదివినవాణ్ణి. చిన్నయసూరి సూత్రాలు కంఠస్థం చేసి, పండిత శిక్షణ పొంది, బడిలో అడుగుపెట్టినవాణ్ణి. శబ్దార్థాలు రెండూ కలిస్తే కావ్యమని భామహుడు చెప్పగా, శబ్దమే లేని చోట కావ్యమెక్కడిది అని అనుకొనే రకం. తరగతిలో తెలుగు వాచకం మధ్యన బొమ్మల కథల పుస్తకం దాచి చదివేవాడు దొరికితే అది నా బల్ల సొరుగులోకి పోయేది. ఏడాది చివర తిరిగి ఇచ్చేవాణ్ణి, అంతవరకు నిజాయితీపరుణ్ణే. కాని ఒక్కటంటే ఒక్కటి కూడా నేను తెరిచి చూడలేదు. బొమ్మ అంటే చదవడం రానివాడికి ఇచ్చే ఊతకర్ర అని నా నిశ్చితాభిప్రాయం.

ఆ అభిప్రాయానికి మొదటి దెబ్బ ఒక పిల్లి, ఒక ఎలుక కొట్టాయి. జార్జ్ హెరిమన్ అనే అమెరికా చిత్రకారుడు 1913 నుండి 1944లో తాను చనిపోయేవరకు వార్తాపత్రికలలో ‘క్రేజీ క్యాట్’ అనే బొమ్మల కథ గీశాడు. కథావస్తువు ఒక్క వాక్యం. ఎలుక పిల్లి తల మీద ఇటుక విసురుతుంది. పిల్లి ఆ ఇటుకను ప్రేమలేఖగా స్వీకరిస్తుంది. పిల్లిని మూగగా ప్రేమించే కుక్క ఒక పోలీసు. అది ఎలుకను జైలులో పెడుతుంది. మర్నాడు మళ్లీ ఇటుక. ముప్పై ఏళ్లు ఇదే! మొదట నాకు ఇదేమి వెర్రి అనిపించింది. పదో పుట దగ్గర నవ్వు వచ్చింది. ఇరవయ్యో పుట దగ్గర వ్యాజస్తుతి గుర్తుకు వచ్చింది. పైకి నింద, లోన స్తుతి. మన కవులు మాటతో చేసే పనిని ఇతడు ఇటుకతో చేస్తున్నాడు. పైగా పిల్లీ ఎలుకా ఉన్న చోటనే నిలబడి మాట్లాడుకుంటున్నా, ఒక గడిలో వాటి వెనుక కొండ ఉంటుంది, తరువాతి గడిలో అక్కడే చెట్టు ఉంటుంది. దానికి ఎవరూ ఆశ్చర్యపోరు. నేను మాత్రం పది నిమిషాలు వెనక్కీ ముందుకీ చూస్తూ, నా కళ్లద్దాలు తుడుచుకొన్నాను.

ఈ గడుల సంగతి కొంచెం చెప్పాలి. ఒక గడిలో ఎలుక చేయి ఎత్తింది. పక్క గడిలో పిల్లి నేల మీద పడి ఉంది. ఇటుక తగిలిన క్షణాన్ని ఎవరూ గీయలేదు. ఆ రెండు గడుల నడుమ ఉన్న తెల్లని సందులో దాన్ని గీసింది ఎవరు? నేనే. బొమ్మల కథలను గూర్చి స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో బొమ్మల కథ రూపంలోనే ఒక లక్షణగ్రంథం వెలువరించి, ఈ సందు గురించి చాలా దూరం చర్చించాడు. నాకు మాత్రం శాస్త్రం తెలుగులోనే దొరికింది. వాక్యం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని పిల్లలకు వల్లె వేయించినవాణ్ణి. మొదటి గడికి రెండవ గడి మీద ఉన్నది ఆకాంక్ష. రెండూ పొసగడం యోగ్యత. పక్కపక్కన ఉండడం సన్నిధి. నడుమ లోపించినదాన్ని పాఠకుడు తెచ్చుకోవడం అధ్యాహారం. సొరుగులో పెట్టి తాళం వేసిన పుస్తకాలలో ఇంత వ్యాకరణం ఉన్నదని ఆ పిల్లలకు తెలిసి ఉంటుంది. నాకే తెలియలేదు.

కదిలే బొమ్మల వైపు నన్ను లాగినది లాటీ రైనిగర్ అనే జర్మను వనిత. నల్లని అట్టనూ పలుచని సీసపు రేకునూ కత్తెరతో కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కలిపి, కింద నుండి వెలుగు పెట్టి, ఒక్కొక్క కదలికనూ విడివిడిగా చిత్రించి, 1926లో ‘అహ్మద్ రాకుమారుని సాహసాలు’ పూర్తి చేసింది. గంటకు పైగా నడిచే యానిమేషన్ చిత్రాలలో నేటికి మిగిలినవాటిలో అదే అన్నిటికన్నా పాతది. మూడేళ్ల పని. చూస్తుంటే నాకు జాతర రాత్రి వాసన తగిలింది, చమురు దీపాల వాసన. తోలుబొమ్మలాట కాక మరేమిటిది? మన బొమ్మల తోలు పారదర్శకంగా ఉంటుంది కనుక ఎర్రా పచ్చా రంగుల నీడ పడుతుంది, ఆమెది నల్లని నీడ. అంతే తేడా. ఆమె చిత్రంలో బంగారక్క, కేతిగాడు లేకపోవడం మాత్రం లోటే.

తరువాత యూరీ నార్‌స్టీన్. 1975లో సోవియట్ దేశంలో తీసిన ‘మంచులో ముళ్లపంది’ పది నిమిషాల చిత్రం. ఒక చిన్న ముళ్లపంది ప్రతి సాయంత్రం తన మిత్రుడైన ఎలుగుపిల్ల ఇంటికి పోయి, ఇద్దరూ కూర్చుని నక్షత్రాలు లెక్కబెడుతుంటారు. ఒకనాడు దారిలో పొగమంచు కమ్ముతుంది. మంచులో ఒక తెల్ల గుర్రం కనిపిస్తుంది, మాయమవుతుంది. కథ అంతకన్నా పెద్దగా లేదు. ఆ మంచును ఎలా పట్టాడో తెలిసినప్పుడు నోట మాట రాలేదు. పలుచని కాగితాన్ని బొమ్మ మీద పరచి, చిత్రానికి చిత్రానికి నడుమ దాన్ని కెమెరా వైపు కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ పోయాడట. కాగితం లేచినకొద్దీ బొమ్మ మసకబారుతుంది. మా కాలంలో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు రూపాయికీ రెండు రూపాయలకీ విశాలాంధ్రలో కొని చదివినవారికి ఆ ముళ్లపంది కొత్తవాడు కాడు. అదే గీత, అదే మెత్తని చలి.

కెనడా ప్రభుత్వపు చలనచిత్ర సంస్థ 2009 నుండి తన చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూసేందుకు అంతర్జాలంలో ఉంచింది. నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ‘పొరుగువారు’ చూసినది అక్కడే. రెండు ఇళ్ల సరిహద్దున ఒక పువ్వు పూస్తుంది, దాని కోసం ఇద్దరు మంచివాళ్లు ఒకరినొకరు చంపుకుంటారు. నిజమైన మనుషులనే బొమ్మల్లా ఒక్కొక్క చట్రంగా తీశాడు. చేనిగట్టు తగాదాలు ఎరిగిన మావైపు వారికి దానిని వివరించనక్కరలేదు.

నేను ఈ సంగతులన్నీ వరుసగా చెబుతున్నాను గాని, అసలు చెప్పదలచినది వేరు. మైకేల్ డ్యుడోక్ డ విట్ అనే డచ్చి చిత్రకారుని ‘తండ్రీ కూతురూ’ అనే ఎనిమిది నిమిషాల చిత్రం. 2000లో వచ్చింది, మరుసటి ఏడు ఆస్కారు బహుమతి పొందింది. అందులో ఒక్క మాట లేదు. బొగ్గుతో గీసినట్లుండే గోధుమవన్నె బొమ్మలు, చాలా పొడవైన నీడలు, చాలా చిన్న మనుషులు. ముఖాలు సరిగా కనబడవు. తండ్రీ కూతురూ చెరొక సైకిలు మీద గట్టు వెంబడి వస్తారు. అతడు కూతుర్ని కౌగిలించుకొని, గట్టు దిగి, చిన్న పడవ ఎక్కి వెళ్లిపోతాడు. సాయంత్రం దాకా చూసి పిల్ల ఇంటికి పోతుంది. మళ్లీ వస్తుంది. వానలో వస్తుంది, ఎదురుగాలిలో వస్తుంది, స్నేహితురాళ్లతో, ప్రియునితో, మొగుడూ పిల్లలతో, చివరకు ఒంటరిగా, ముదుసలియై వస్తుంది. అతడు రాడు.

దాన్ని మొదటిసారి నేను ఒంటరిగానే చూశాను. చూసి, పండితుణ్ణి కనుక, చతుర్విధాభినయాలలో వాచికాన్ని పూర్తిగా తొలగించినా రసం ఎలా నిలిచిందా అని ఆలోచించుకొన్నాను. వాచ్యమే లేకుండా అంతా వ్యంగ్యమే అయిన కావ్యం ఆనందవర్ధనుడు చూసి ఉంటే ఏమనేవాడో అని నోటుపుస్తకంలో రాసుకొన్నాను. నా వరకు పని అయిపోయింది.

మర్నాడు దాన్ని అమ్మకు చూపించాను. అమ్మకు అప్పుడు ఎనభై నాలుగు.

ఇక్కడ మా ఇంటి కథ కొంత చెప్పక తప్పదు. మా అమ్మకు అక్షరం రాదు. వేలిముద్రే. ఆమె కళింగపట్నం పక్క ఊరి ఆడపడుచు. ఆమె తండ్రి, అంటే మా తాత, రంగం వెళ్లాడు. రంగూనును మావైపు రంగం అనేవారు. ఆ రోజుల్లో గంజాం నుండి గోదావరి దాకా తీరం పొడుగునా ఊరికి నలుగురైదుగురు రంగంలోనే ఉండేవారు. రేవుల్లో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో కూలి. కోరంగి రేవు పేరు మీద అక్కడి వాళ్లు మనవాళ్లందరినీ కోరంగీలు అని పిలిచేవారు. మా తాత 1941లో వెళ్లాడు. ఆ డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చికి ఊరు జపాను చేతికి చిక్కింది. లక్షలాదిమంది మనవాళ్లు అరకాను మీదుగా, మణిపురం కొండల మీదుగా నడిచి బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే పోయారు. మా తాత బాంబులకు పోయాడో, దారిలో పోయాడో, అసలు పోలేదో ఎవరికీ తెలియదు. “తాత రంగం వెళ్లి తిరిగి రాలేదు.” నాకు అరవై ఏళ్లుగా తెలిసిన కథ ఈ ఒక్క వాక్యమే. ఒక్క అధ్యాహారం కూడా నేను చేసుకోలేదు, ఎవరినీ అడగలేదు.

అమ్మ మంచం మీద కూర్చుని పలకను ఒళ్లో పెట్టుకొంది. తండ్రి గట్టు దిగి పడవ దాకా వెళ్లినవాడు, ఆగి, మళ్లీ పైకి పరుగెత్తుకొచ్చి, కూతురిని రెండోసారి కౌగిలించుకొంటాడు. నేను చూసినప్పుడు దాన్ని గమనించాను గాని పట్టించుకోలేదు. అమ్మ అక్కడ వేలు పెట్టింది. వేలు తగిలి చిత్రం ఆగిపోయింది.

“మా అయ్య కూడా ఇలాగే ఎనక్కొచ్చాడు” అంది.

పెద్ద ఓడ లోతు నీళ్లలో ఆగి ఉందట. ఒడ్డు నుండి ఓడ దాకా చిన్న పడవలు. అతడు అలల్లోకి దిగి, పడవ అంచు పట్టుకొన్నవాడు వదిలేసి, నడుము దాకా తడిసి వెనక్కి వచ్చాడట. తన తలగుడ్డ విప్పి, ఆ తడి గుడ్డను పిల్ల నెత్తి మీద కప్పాడట. “ఎండగా ఉంది బాబూ ఆ రోజు” అంది. ఇంటికి వచ్చేసరికి అది ఆరిపోయి, ఉప్పు తెల్లగా పేరుకుందట. ఆమెకు అప్పటికి ఐదేళ్లు. ఇంకేమీ గుర్తు లేదు, ముఖం కూడా.

అరవై ఏళ్ల కొడుకుని. తెలుగు పండితుణ్ణి. ఈ మాట నేను వినలేదు.

చిత్రం మళ్లీ నడిచింది. చివరికి ముసలమ్మ గట్టు మీద సైకిలు నిలబెట్టబోతుంది, అది పడిపోతుంది. మళ్లీ నిలబెడుతుంది, మళ్లీ పడిపోతుంది. వదిలేసి గట్టు దిగుతుంది. అమ్మ చిన్నగా నవ్వి, “ఇంక దానితో పనేటి!” అంది. ఒకప్పుడు నీళ్లున్న చోట ఇప్పుడు గడ్డి. గడ్డిలో నడిచి వెళ్తే ఆ పడవ కనిపిస్తుంది, సగం పూడిపోయి. ముసలమ్మ అందులో ముడుచుకొని పడుకొంటుంది. తరువాత లేస్తుంది, నడుస్తుంది, పరుగెడుతుంది, పరుగెడుతుండగానే వయసు తగ్గిపోతుంది, ఎదురుగా తండ్రి.

“దొరికాడు. నీళ్లు ఎండిపోనాయి కదా, నడిసి ఎల్లింది” అంది అమ్మ.

అక్కడ నేను ఊరుకొని ఉండవలసింది. ఊరుకోలేదు. “అలా కాదమ్మా. ఆవిడ చనిపోయిందన్నమాట. ఆ పడవలో పడుకోవడం ఉంది చూశావూ, అది మరణానికి ప్రతీక. నిజంగా దొరకడం కాదు” అన్నాను. ముప్పై నాలుగేళ్ల గొంతు అది, దానంతట అదే వస్తుంది.

అమ్మ పలకను నా చేతికిచ్చింది. “అలాగా. నువ్వు సదువుకున్నోడివి” అని, గోడ వైపు తిరిగి పడుకొంది.

ఆ తిరగడం నాకు తెలిసినదే. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అంటే 1968లో, ఊరి గ్రంథాలయం నుండి చందమామ తెచ్చేవాణ్ణి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, చేతులు చీరకు తుడుచుకొని, పుస్తకం అందుకొని బొమ్మలు చూసేది. చూస్తూ కథ చెప్పేది. పాపయ్య గారి బొమ్మలో రాకుమారి చెట్టు కింద తల వంచుకొని ఉంటే, “పాపం ఈ గుంట సిలక ఎగిరిపోయింది, అదిగో కొమ్మ కాళీగా ఉంది” అనేది. నాకు చదవడం బాగా వచ్చిన కొత్త. “కాదమ్మా! ఇక్కడ అలా రాయలేదు. శాపం తగిలి అలా కూర్చుంది” అని వేలు పెట్టి చదివి వినిపించేవాణ్ణి. మూడు నాలుగు నెలలు అలా సరిదిద్దాను. ఆ తరువాత చందమామ తెచ్చి ఇస్తే, “నువ్వు సదువుకో బాబూ, నాకు పనుంది” అనడం మొదలుపెట్టింది. నేను సంతోషంగా చదువుకొన్నాను. ఆ చదువుతోనే ఇంతవాణ్ణి అయ్యాను. కొమ్మ ఖాళీగా ఉన్న మాట నిజమేనా అని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే ఆ సంచిక లేదు.

చిత్రం చూసిన తరువాత కొన్ని వారాలు అమ్మ పలక అడగలేదు. నేను ఇవ్వబోతే కళ్లు మంట అంది.

ఆ రోజుల్లోనే షాన్ టాన్ గీసిన ‘ది అరైవల్’ పుటలు కొన్ని కంటపడ్డాయి. ఈయన ఆస్ట్రేలియా చిత్రకారుడు, తండ్రి మలేషియా నుండి అక్కడికి వలస వచ్చిన చైనీయుడు. 2006లో వెలువడిన ఈ పుస్తకం 128 పుటలు, అన్నీ పెన్సిలు బొమ్మలే. పాత ఫొటోల ఆల్బంలా ఉంటాయి. కథలో ఒక్క మాట లేదు. ఒక మనిషి భార్యనూ కూతురినీ వదిలి, పెట్టె పట్టుకొని, ఓడ ఎక్కి, తెలియని దేశానికి పొట్టకూటికి పోతాడు. చూసిన వెంటనే అమ్మాయికి ఫోను చేసి పుస్తకం తెప్పించమన్నాను. 2021 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చింది.

మొదట నేనే చదవడానికి కూర్చున్నాను. అతడు దిగిన ఊరు ఎక్కడా లేని ఊరు. రేవులో ఆకాశమంత విగ్రహాలు, కోటుకు గుచ్చిన చీటీలు, గోడల మీద ప్రకటనలు. ఆ ప్రకటనల నిండా అక్షరాలు. ఏ లిపి ఇది? గ్రీకు కాదు, రష్యను కాదు. భూతద్దం తెచ్చాను. ఒకే ఆకారం ఎక్కడెక్కడ వస్తున్నదో గుర్తు పెట్టుకొన్నాను. గుణింతం వంటిది ఏమైనా ఉందేమోనని చూశాను. బ్రాహ్మి నుండి తెలుగు లిపి ఎలా వచ్చిందో పాఠం చెప్పినవాడికి ఇది ఒక లెక్కా అనుకొన్నాను. గంటన్నర గడిచింది. అప్పుడు తెలిసింది. ఆ చిత్రకారుడు రోమను అక్షరాలనూ అంకెలనూ ముక్కలుగా కత్తిరించి, తారుమారుగా అతికించి ఆ లిపిని తయారుచేశాడట. అది ఎవరికీ రాదు. రాకూడదనే చేశాడు. ఆ ఊళ్లో దిగినవాడు ఎంత నిరక్షరాస్యుడో, పుస్తకం తెరిచిన ప్రతివాడూ, పండితుడూ పామరుడూ, అంతే నిరక్షరాస్యుడు.

భూతద్దం పక్కన పెట్టాను. ఎదురుగా అక్షరాలు ఉండి, వాటికి అర్థం ఉందని తెలిసి, అది నాకు కాక అందరికీ తెలుసన్నట్లు అవి నిలబడి ఉండడం నాకు జీవితంలో ఎప్పుడూ జరగలేదు. అమ్మకు రోజూ అదే. బస్సు, మందుసీసా, పింఛను కాగితం, నా పెండ్లి శుభలేఖ.

ఆ సాయంత్రం పుస్తకం తీసుకొని వెళ్లి, “అమ్మా, ఇది నాకు అర్థం కావడం లేదు. కొంచెం చూసి పెట్టు” అన్నాను. నటన కాదు. అమ్మ అనుమానంగా చూసింది. బొమ్మలు పెద్దవి, కళ్లకు శ్రమ లేదు. అందుకొంది.

బయలుదేరే పుటల దగ్గర చాలాసేపు ఆగింది. అతడు కుటుంబం ఫొటోను గుడ్డలో చుట్టి పెట్టెలో పెడతాడు. పెట్టె మీద అతని చేయి, దాని మీద భార్య చేయి. రైలు దగ్గర అతడు టోపీ ఎత్తితే, కింద కాగితంతో మడిచిన పక్షి ఉంటుంది. అది కూతురి కోసం. అమ్మ ఆ పక్షిని వేలితో తాకింది. తడిగుడ్డ మాట ఎత్తుతుందేమో అనుకొన్నాను. ఎత్తలేదు. పుట తిప్పింది.

సముద్రం మీద రోజులను ఆ చిత్రకారుడు మేఘాలతో చెప్పాడు. ఎదురెదురు పుటల నిండా చిన్న చిన్న చదరాలు, అరవై, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మబ్బు. అమ్మ లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, మళ్లీ మొదలుపెట్టి, చివరకు నన్ను అడిగింది. చెప్పాను.

“మా అయ్యకి ఇన్నాళ్లు పట్టి ఉండదు” అంది. “నాలుగైదు రోజులేనని అనేవారు.” కాసేపు ఊరుకొని, “ఈయనకి దూరం” అంది.

కొత్త ఊళ్లో అతనికి దొరికిన మొదటి పనులలో ఒకటి గోడలకు ప్రకటనలు అతికించడం. లిపి రాదు కనుక అన్నీ తలకిందులుగా అతికిస్తాడు. నాకు ఆ బొమ్మ అర్థం కావడానికి మర్నాడు దాకా పట్టింది. అమ్మ చూడగానే పకపకా నవ్వింది. తిట్లు తిన్నాడా లేదా అని పక్క బొమ్మలో చూసుకొని, అప్పుడు చెప్పింది. నేను పండిత శిక్షణలో ఉన్నప్పుడు, శ్రీకాకుళం బస్టాండులో పాతపట్నం బస్సనుకొని పాలకొండ బస్సు ఎక్కేసిందట. అడిగితే సిగ్గని అడగలేదట. “అందరూ ఎక్కుతున్నారు, నానూ ఎక్కినాను.” పాలకొండలో దిగి, తిరిగి వచ్చి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “బోర్డు మీద ఒక బొమ్మ ఎయ్యొచ్చు కదా బాబూ, ఏ ఊరికి ఆ ఊరి బొమ్మ?” అంది. పాతపట్నానికి ఏ బొమ్మ వేయాలో, పాలకొండకు ఏది వేయాలో ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ జరిగింది. నీలమణి దుర్గ అమ్మవారూ, కోటదుర్గ అమ్మవారూ అని మా ఆవిడ తేల్చింది. రెండూ దుర్గలే అయితే మళ్లీ తప్పే ఎక్కుతాను కదా అని అమ్మ కొట్టివేసింది.

ఆ పుస్తకం మేము పూర్తి చేయడానికి నెల పట్టింది. అందులో ఇతర వలసదారులు తమ కథలు చెప్పే చోట అమ్మ చెప్పిన కథలు, నాకు తోచిన కథలు ఏమాత్రం కలవలేదు. ఒక చోట రాక్షసులవంటి వాళ్లు మనుషులను యంత్రాలతో ఊడ్చి పీల్చేస్తుంటారు. నేను యుద్ధమని అనుకొన్నాను. అమ్మ మశూచి అంది. ఆమె చిన్నప్పుడు వీధికి వీధి అలాగే పోయిందట. రెండు మూడు సార్లు “అలా కాదమ్మా” అని నోటి చివరిదాకా వచ్చింది. ఒకసారి బయటికే వచ్చింది. అమ్మ నా వైపు చూసి, గోడ మీది అక్షరాలు చూపించి, “అయితే ఇదేటో సదువు” అంది.

“నాకూ రాదమ్మా.”

“రాదా!” అని, ఆ రెండు గీతల వంకర అక్షరాన్ని కాసేపు చూసి, “మరి నా మాట ఇను” అంది.

ఇప్పుడు అమ్మకు ఎనభై తొమ్మిది నడుస్తున్నాయి. ఆ పుస్తకం అంచులకు ఆముదం మరకలు అయ్యాయి, ఒక పుట చిరిగితే అన్నంమెతుకుతో అతికించింది. చూపు మందగించింది కనుక ఈ మధ్య నేనే పుటలు తిప్పి, ఏ బొమ్మ వచ్చిందో చెబుతుంటాను. కథ ఆమెదే. చివరి పుటలలో అతని భార్యా కూతురూ అతన్ని చేరుకుంటారు. ‘తండ్రీ కూతురూ’ మళ్లీ చూపించనా అని నిన్న అడిగాను. వద్దంది. “ఆ గుంట ముసిల్దయిపోనాది. ఇందులో గుంట నయం, ఇంకా చిన్నపిల్లే” అని, కాగితపు పక్షి ఉన్న పుట తీయమంది.